మాస్కు అంచున ఉన్న రక్షణ

ఆసుపత్రిలో పనిచేసేవారు తమను తాము కాపాడుకోవడానికి నేర్చుకోవలసిన అలవాట్లలో చేతుల శుభ్రత తరువాత అంతటి ప్రాధాన్యం ముఖానికి ధరించే రక్షణ మాస్కుకే ఉంది. అయినా ఆ మాస్కు గురించి సాధారణంగా అడిగే ప్రశ్నలు అది ఏ కంపెనీది, దాని మీద ఏ అంకె ఉంది, ఎన్ని పొరలున్నాయి అన్నంతవరకే ఆగిపోతాయి. ధరించిన మనిషి ముఖానికి అది సరిగ్గా అతుక్కుని కూర్చుందా లేదా అని అడిగేవారు అరుదు. మాస్కు మీద ముద్రించిన అంకె దాని వడపోత పొర గుణాన్ని మాత్రమే చెబుతుంది, ధరించిన వ్యక్తికి నిజంగా అందే రక్షణ ఎంతన్నది ముఖానికీ మాస్కు అంచుకూ మధ్య ఉన్న బిగువును బట్టి తేలుతుంది. ఆ బిగువును ప్రతి ఆరోగ్య కార్యకర్త తన సొంత ముఖం మీద పరీక్షించి తెలుసుకోవాలని, ఆ పరీక్షకు అవకాశం కల్పించమని తన సంస్థను సంకోచం లేకుండా అడగాలని చెప్పడమే ఈ అధ్యాయం ఉద్దేశం.

సర్జికల్ మాస్కు, రెస్పిరేటర్: పని వేరు, నిర్మాణం వేరు

వార్డులో కనిపించే మాస్కులన్నీ ఒకే పని కోసం తయారైనవి కావు. నీలం రంగులో వదులుగా ఉండే సర్జికల్ మాస్కు, ధరించినవారి నోటి తుంపరలు రోగి మీద పడకుండా ఆపుతుంది, రక్తం వంటి ద్రవాలు చిమ్మినప్పుడు ముక్కుకూ నోటికీ కొంత అడ్డుగా నిలుస్తుంది. దాని అంచులు చెంపలకు అతుక్కునేలా రూపొందించినవి కావు కాబట్టి గాలిలో తేలే సూక్ష్మ కణాలు పక్కల నుంచి లోపలికి రాకుండా అది ఆపలేదు. రెస్పిరేటర్ అనే రెండో రకం మాస్కును ముఖానికి చుట్టూ అతుక్కుని, పీల్చే గాలి మొత్తాన్ని వడపోత పొర గుండానే పంపించేలా తయారు చేస్తారు. అందరికీ తెలిసిన ఎన్95 ఈ రకానికే చెందుతుంది.

ఎన్95 అనే పేరును అమెరికాలో వృత్తిపరమైన భద్రతను అధ్యయనం చేసే నియోష్ అనే ప్రభుత్వ సంస్థ 1995లో అమలులోకి తెచ్చిన ప్రమాణాలు స్థిరపరిచాయి. ఇందులో ‘ఎన్’ అన్న అక్షరం ఆ వడపోత పొర నూనె తుంపరలను తట్టుకునే రకం కాదని సూచిస్తుంది. 95 అన్న అంకె సుమారు 0.3 మైక్రాన్ల పరిమాణంలో ఉన్న కణాలలో కనీసం 95 శాతాన్ని అది ఆపగలదని తెలుపుతుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. యూరప్ ప్రమాణాలలో ఎఫ్‌ఎఫ్‌పి2 మాస్కు కనీసం 94 శాతం, ఎఫ్‌ఎఫ్‌పి3 మాస్కు కనీసం 99 శాతం కణాలను వడకట్టాలి. భారతీయ ప్రమాణాల సంస్థ ఈ తరహా మాస్కులకు ఐఎస్ 9473 అనే ప్రమాణాన్ని, సర్జికల్ మాస్కులకు ఐఎస్ 16289 అనే మరో ప్రమాణాన్ని నిర్ణయించింది. మాస్కు పెట్టె చేతికి వచ్చినప్పుడు ముందుగా చూడవలసినవి ఈ ముద్రలే.

పరీక్షకు 0.3 మైక్రాన్ల కణాలనే ఎంచుకోవడానికి కారణం ఉంది. అంతకన్నా పెద్ద కణాలు తమ వేగం వల్ల నేరుగా వెళ్లి పోగులకు తగిలి చిక్కుకుంటాయి, అంతకన్నా చిన్నవి గాలిలో ఇటూ అటూ చెదిరిపోతూ ఏదో ఒక పోగుకు తగులుకుంటాయి, ఈ రెండింటికీ మధ్యనున్న పరిమాణం గల కణాలే వడపోతను దాటిపోవడానికి ఎక్కువ వీలున్నవి. కాబట్టి వాటిని ఆపగలిగిన పొర మిగిలినవాటిని ఇంకా బాగా ఆపుతుంది. ఆ పోగుల మీద ఉండే స్థిర విద్యుదావేశం కూడా కణాలను ఆకర్షించి పట్టి ఉంచుతుంది. మాస్కును సబ్బుతో ఉతికినా, దాని మీద శానిటైజరు గానీ స్పిరిట్ గానీ చల్లినా ఈ ఆవేశం పోతుంది. పైకి శుభ్రంగా కనిపిస్తున్న ఆ మాస్కు వడపోత శక్తి లోలోపల పడిపోతుంది.

గాలి ఎప్పుడూ సులువైన దారినే వెతుకుతుంది

వడపోత పొర ఎంత మేలైనదైనా గాలి ప్రవాహానికి అది కొంత అవరోధమే. మాస్కు అంచుకూ చర్మానికీ మధ్య సన్నని సందు ఉన్నప్పుడు, ఊపిరి లోపలికి తీసుకున్న ప్రతిసారీ ఏ అవరోధమూ లేని ఆ సందు గుండా గాలి ముందుగా దూసుకువస్తుంది, దానితోపాటు కణాలు కూడా వడపోతకు లోనుకాకుండానే వచ్చేస్తాయి. దోమతెర నేత ఎంత చిక్కనిదైనా దాని అంచును పరుపు కిందికి దోపకపోతే దోమ లోపలికి వచ్చినట్లే, అంచు వదులైన ఎన్95 కూడా తన పేరులోని అంకెకు తగిన రక్షణ ఇవ్వలేదు. ఈ సందులు ఎక్కువగా ముక్కుకు రెండు వైపులా, చెంప ఎముకల కింద, గడ్డం అడుగున ఏర్పడతాయి. కళ్లద్దాలు పెట్టుకునేవారికి ఊపిరి వదిలినప్పుడల్లా అద్దాల మీద ఆవిరి పడుతుంటే ముక్కు దగ్గర సందు ఉందనే అనుకోవాలి.

భారతదేశంలో ఈ విషయానికి ఉన్న ప్రాధాన్యం కోవిడ్‌తో మొదలైనది కాదు, కోవిడ్‌తో ముగిసేదీ కాదు. ప్రపంచంలో ఏటా కొత్తగా క్షయ సోకేవారిలో దాదాపు నాలుగో వంతు ఈ దేశంలోనే ఉన్నారు, ఆ వ్యాధి వ్యాపించేది గాలి ద్వారానే. తెమడ నమూనా తీసుకునే ల్యాబ్ టెక్నీషియన్, బ్రాంకోస్కోపీ చేసే వైద్యుడు, సక్షన్ పెట్టే స్టాఫ్ నర్సు, ఛాతీ వార్డును ఊడ్చి తుడిచే పారిశుద్ధ్య కార్మికురాలు అందరూ పీల్చేది ఆ గదిలోని గాలినే. కాబట్టి సరిగ్గా అమరే మాస్కు వైద్యులకు మాత్రమే పరిమితమైన అవసరం కాదు.

టొరంటో నేర్పిన పాఠం

ముఖానికి గాజుగుడ్డ, దూది పొరలు కట్టుకుని గాలి ద్వారా సోకే వ్యాధి నుంచి కాపాడుకోవచ్చని 1910-11లో మంచూరియాలో న్యుమోనిక్ ప్లేగు ప్రబలినప్పుడు వైద్యుడు వు లియెన్-తె నిరూపించాడు. ఆ సూచనను తోసిపుచ్చి మాస్కు లేకుండానే రోగులను పరీక్షించిన ఫ్రెంచి వైద్యుడు మెనీ అదే ప్లేగు సోకి మరణించాడు. మాస్కు అవసరమా కాదా అన్న వివాదం ఆ తరువాతి దశాబ్దాలలో క్రమంగా సద్దుమణిగింది కానీ, మాస్కు అమరిక అనే రెండో పాఠం వైద్య లోకానికి చాలా ఆలస్యంగా, చాలా మూల్యం చెల్లించాక అందింది.

2003లో కెనడాలోని టొరంటో నగరంలో సార్స్ అనే శ్వాసకోశ వ్యాధి వ్యాపించినప్పుడు దాని బారిన పడ్డవారిలో ఎక్కువ మందికి అది ఆసుపత్రులలోనే సోకింది, వారిలో ఆరోగ్య సిబ్బంది పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఇద్దరు నర్సులు, ఒక వైద్యుడు ప్రాణాలు కోల్పోయారు. దీనిపై విచారణకు నియమితుడైన న్యాయమూర్తి ఆర్చీ క్యాంప్‌బెల్ 2006లో సమర్పించిన తుది నివేదికలో ఒక బాధాకరమైన విషయం బయటపడింది. రక్షణ సాధనాలు ధరించే సిబ్బందికి వాటి వాడకంలో తగిన శిక్షణ ఇవ్వాలన్న నిబంధన ఆంటారియో రాష్ట్రంలో 1993 నుంచే ఉన్నా, సార్స్ వచ్చేనాటికి ఆ బాధ్యత గురించి చాలా ఆసుపత్రులకు తెలియనే తెలియదు. అమరికను పరీక్షించని ఎన్95లతోనే అనేకులు రోగుల మధ్యకు వెళ్లారు. శాస్త్రీయంగా పూర్తి నిర్ధారణ వచ్చేదాకా రక్షణ చర్యలను వాయిదా వేయకూడదన్న ముందుజాగ్రత్త సూత్రాన్ని ఆ నివేదిక ఆసుపత్రులన్నింటికీ ప్రధాన కర్తవ్యంగా ప్రతిపాదించింది.

ఫిట్ టెస్ట్ అంటే ఏమిటి

ఒక నిర్దిష్ట కంపెనీకి చెందిన ఒక నిర్దిష్ట మోడల్, సైజు మాస్కు ఒక నిర్దిష్ట వ్యక్తి ముఖానికి గాలి చొరబడకుండా అమరుతుందో లేదో తేల్చే పరీక్షను ఫిట్ టెస్ట్ అంటారు. అమెరికాలో వృత్తి భద్రతా నిబంధనల ప్రకారం ఇలాంటి మాస్కు ధరించవలసిన ప్రతి ఉద్యోగికీ పనిలో మాస్కు వాడకముందు ఒకసారి, ఆ తరువాత ఏడాదికి ఒకసారి ఈ పరీక్ష చేయించడం యజమాని విధి. ఈ పరీక్ష రెండు రకాలు.

మొదటిది రుచి మీద గానీ వాసన మీద గానీ ఆధారపడిన పరీక్ష. పరీక్షకు ముందు పావుగంట సేపు మంచినీళ్లు తప్ప ఏమీ తినకూడదు, తాగకూడదు. తల మీద పారదర్శకమైన ముసుగు వేసి, మాస్కు లేకుండానే, తియ్యని శాకరిన్ గానీ చేదైన బిట్రెక్స్ గానీ కలిపిన పలుచని ద్రావణాన్ని తుంపరలుగా చల్లి ఆ వ్యక్తి నాలుక ఆ రుచిని పసిగట్టగలదో లేదో ముందు చూస్తారు. కోవిడ్ వంటి జబ్బుల తరువాత రుచి తెలియకుండా పోయినవారి విషయంలో ఈ తొలి అంచె ఎంతో ముఖ్యం, ఎందుకంటే రుచే తెలియనివారు మాస్కు అంచున గాలి చొరబడుతున్నా పరీక్షలో నెగ్గినట్టే కనిపిస్తారు. ఆ తరువాత మాస్కు ధరింపజేసి, చిక్కని ద్రావణాన్ని చల్లుతూ, నోరు కొద్దిగా తెరిచి ఊపిరి తీసుకోమంటూ కొన్ని కదలికలు చేయిస్తారు: మామూలుగా శ్వాసించడం, గాఢంగా శ్వాసించడం, తల కుడి ఎడమలకు తిప్పడం, పైకీ కిందికీ ఆడించడం, గట్టిగా మాట్లాడటం, నడుము వంచడం, మళ్లీ మామూలుగా శ్వాసించడం. ఒక్కో కదలిక ఒక్కో నిమిషం సాగుతుంది. రోగిని మంచం మీద ఒరిగించేటప్పుడు, వంగి సూది వేసేటప్పుడు, వార్డు అవతలి చివరకు కేక వేసి పిలిచేటప్పుడు ముఖం ఎలా కదులుతుందో ఈ కదలికలు అలాగే కదిలిస్తాయి. మధ్యలో ఎక్కడ తీపి గానీ చేదు గానీ నాలుకకు తగిలినా ఆ మాస్కు ఆ ముఖానికి పనికిరాదని తేలిపోతుంది.

రెండోది యంత్రంతో అంకెలలో కొలిచే పరీక్ష. మాస్కు బయటి గాలిలో ఎన్ని కణాలున్నాయో, లోపలి గాలిలో ఎన్ని ఉన్నాయో యంత్రం లెక్కించి, మొదటిదాన్ని రెండోదానితో భాగించగా వచ్చిన సంఖ్యను ఫిట్ ఫ్యాక్టర్‌గా చూపుతుంది. ఎన్95 వంటి ముఖం సగభాగాన్ని కప్పే మాస్కులకు ఈ సంఖ్య కనీసం 100 ఉండాలి. అంటే బయట నూరు కణాలుంటే లోపల ఒకటికి మించకూడదు. పరీక్షలో నెగ్గిన మాస్కు కూడా విధుల్లో రోజంతా అదే స్థాయిలో అమరి ఉంటుందన్న భరోసా లేదు కాబట్టి, పని ప్రదేశంలో ఇలాంటి మాస్కు వల్ల పదింతల రక్షణ మాత్రమే లభిస్తుందని అమెరికా నిబంధనలు జాగ్రత్తగా లెక్కవేస్తాయి.

ముఖాలన్నీ ఒకటి కావు

పరీక్షలో విఫలమైనవారు, ముఖ్యంగా యువ నర్సులు, తప్పు తమదే అన్నట్టు నొచ్చుకోవడం కనిపిస్తుంది. ఆ భావన సరైనది కాదు. మాస్కుల సైజులను నిర్ణయించడానికి 1970లలో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల రూపొందించిన ముఖ కొలతల పట్టిక ఆ దేశపు వైమానిక దళ సిబ్బంది శరీర కొలతల మీద ఆధారపడింది. ఆ పట్టిక అన్ని రకాల కార్మికులకూ ప్రాతినిధ్యం వహించడం లేదని గుర్తించిన నియోష్, 2003లో 3,997 మంది మాస్కు ధరించేవారి ముఖాలను కొలిపించి, కళ్ల నడుమ ముక్కు మొదలు నుంచి గడ్డం కొన దాకా ఉండే పొడవును, రెండు చెంప ఎముకల మధ్య వెడల్పును ఆధారం చేసుకుని కొత్త పట్టికను తయారు చేసింది. అందులో పొడవు 98.5 నుంచి 138.5 మిల్లీమీటర్ల వరకు, వెడల్పు 120.5 నుంచి 158.5 మిల్లీమీటర్ల వరకు విస్తరించి ఉన్నాయి. ఇంత తేడా ఉన్న ముఖాలకు ఒకే మోడల్, ఒకే సైజు సరిపోవాలని ఆశించడంలో అర్థం లేదు. ఆ కొత్త కొలతలు కూడా అమెరికాలో పనిచేసేవారివే. నర్సులలో అత్యధికులు స్త్రీలైన భారతదేశంలో, చిన్న ముఖాలకు తగిన సైజులు స్టోర్‌లో ఉన్నాయా లేదా అన్నది ప్రతి ఆసుపత్రి ముందుగా సరిచూసుకోవలసిన అంశం. మాస్కు అమరకపోతే సరిపోనిది మాస్కే, ముఖం కాదు.

ముఖం మారినప్పుడు పాత ఫలితం చెల్లదు. బరువు స్పష్టంగా తగ్గినా పెరిగినా, పళ్లు తీయించుకున్నా, కొత్తగా కట్టుడు పళ్లు అమర్చుకున్నా, ముఖం మీద గాయపు మచ్చ ఏర్పడినా మరోసారి పరీక్ష చేయించుకోవాలి. ఎక్కువ గంటలు ధరించడం వల్ల ముక్కు మీద చర్మం ఒరుసుకుపోతుందని కింద ప్లాస్టరు అంటించుకునేవారు, ఆ ప్లాస్టరు కూడా కొత్త సందుకు దారి తీయవచ్చని గమనించి, దానితో కలిపే పరీక్షకు కూర్చోవాలి.

గడ్డం విషయం మరింత సున్నితమైనది. మాస్కు అంచు ఆనే చోట రెండు రోజుల గరుకు వెంట్రుకలున్నా బిగువు చెడుతుంది. మత విశ్వాసం వల్ల గడ్డం పెంచే సిక్కు, ముస్లిం సోదరులకే గాక, తెలుగునాట కార్తీకంలో మాల వేసుకుని నలభై ఒక్క రోజుల మండల దీక్ష పాటించే అయ్యప్ప స్వాములకూ ఇదే సమస్య ఎదురవుతుంది. ఇలాంటి సందర్భంలో ఉద్యోగి విశ్వాసానికీ భద్రతకూ మధ్య పోటీ పెట్టడం కన్నా దీక్ష మొదలుకాకముందే డ్యూటీల పట్టిక వేసేవారితో మాట్లాడుకుని, గాలి ద్వారా సోకే వ్యాధులున్న వార్డులకు బదులు వేరే విధులు కేటాయించమని కోరడం మంచిది. బ్యాటరీతో నడిచే చిన్న ఫ్యాను వడకట్టిన గాలిని వదులైన తలముసుగులోకి పంపే పీఏపీఆర్ అనే పరికరం ముఖానికి అతుక్కోవలసిన అవసరం లేనిది కాబట్టి దానికి ఫిట్ టెస్ట్ అక్కరలేదు, గడ్డం ఉన్నవారికీ అది పనికొస్తుంది. బ్రిటన్‌లో సిక్కు వైద్యులు గడ్డం మీద సాగే రబ్బరు పట్టీని బిగించి కట్టి దాని మీద మాస్కు ధరించే ‘సింగ్ థాఠా’ అనే పద్ధతిని కోవిడ్ కాలంలో పరీక్షించి ఆశాజనకమైన ఫలితాలు ప్రకటించారు. అయితే ఆ దారిలో వెళ్లేవారు కూడా తమ ముఖం మీద ఫిట్ టెస్ట్ నెగ్గిన తరువాతే దానిని నమ్ముకోవాలి.

ప్రతి డ్యూటీకీ ముందు అర నిమిషం

ఫిట్ టెస్ట్ ఏడాదికోసారి జరిగేది. సీల్ చెక్ మాస్కు పెట్టుకున్న ప్రతిసారీ ధరించినవారే స్వయంగా చేసుకోవలసిన చిన్న తనిఖీ. ఒకటి రెండోదానికి ప్రత్యామ్నాయం కాదు, ఎందుకంటే చేతికి తెలియని సన్నని సందులను పరీక్ష పట్టుకుంటుంది, పరీక్ష నాడు లేని తప్పులను రోజువారీ తనిఖీ పట్టుకుంటుంది.

ముందుగా చేతులు శుభ్రం చేసుకుని, మాస్కును అరచేతిలో ఉంచుకుని, ముక్కు పట్టీ పైకి ఉండేలా గడ్డం కింద నుంచి ముఖానికి ఆనించాలి. పై రబ్బరు పట్టీ తల వెనుక పైభాగాన, కింది పట్టీ చెవుల కింద మెడ వెనుక నిలవాలి. రెండూ ఒకదాన్నొకటి దాటుకుంటే మాస్కు ఆకారం పక్కకు లాగినట్టవుతుంది. జడ ఉన్నవారు కింది పట్టీని జడ కింద చర్మానికి ఆనేలా వేసుకోవాలి, పట్టీకి తగులుకునే పెద్ద జుంకాలను డ్యూటీ ముందే తీసి ఉంచుకోవాలి. ముక్కు మీది లోహపు పట్టీని ఒక చేత్తో నొక్కితే మధ్యలో కోణం ఏర్పడి రెండు పక్కలా సందు మిగులుతుంది కాబట్టి, రెండు చేతుల వేళ్లతో ముక్కు మధ్య నుంచి చెంపల వైపు అదుముతూ రావాలి.

ఆ తరువాత రెండు అరచేతులతో మాస్కును కదలకుండా కప్పి, ఊపిరి గట్టిగా వదిలి, అంచుల దగ్గర వేళ్లకు గాలి తగులుతుందా అని గమనించాలి. తరువాత ఊపిరి లోపలికి లాగినప్పుడు మాస్కు కొద్దిగా ముఖం వైపు ముడుచుకోవాలి. గాలి ముక్కు దగ్గర తగిలితే లోహపు పట్టీని, చెంపల దగ్గర తగిలితే రబ్బరు పట్టీల స్థానాన్ని సవరించి మళ్లీ చూడాలి. రెండు మూడు సార్లు సవరించినా గాలి ఆగకపోతే ఆ మాస్కుతో రోగి గదిలోకి వెళ్లకూడదు. కళ్లద్దాలు మాస్కు తరువాతే పెట్టుకోవాలి. తీసేటప్పుడు ముందు భాగాన్ని ముట్టుకోకుండా కింది పట్టీని, ఆ తరువాత పై పట్టీని తల మీదుగా తీసి, వెంటనే చేతులు కడుక్కోవాలి.

మాస్కు పదేపదే వాడినకొద్దీ రబ్బరు సాగి బిగువు తగ్గుతుంది. తయారీదారు వేరే సూచన ఇవ్వనప్పుడు కొరత కాలంలో కూడా ఒక ఎన్95ను అయిదు సార్లకు మించి ధరించవద్దని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సలహా ఇచ్చింది. ఊపిరి వదలడానికి కవాటం ఉన్న మాస్కు ధరించినవారిని కాపాడగలదు గానీ వారి ఊపిరిని వడకట్టకుండానే బయటికి వదులుతుంది కాబట్టి రోగుల రక్షణ కోరే చోట దానిని వాడకూడదు.

అడగడం కూడా ఒక నైపుణ్యమే

భారత ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఆరోగ్య కేంద్రాలలో గాలి ద్వారా వ్యాధులు సోకకుండా చూడటానికి 2010లోనే జాతీయ మార్గదర్శకాలు వెలువరించింది. వాటి అమలు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఎంచుకున్న మూడు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కాబట్టి ఈ విషయాన్ని ప్రస్తావించే ఉద్యోగి గొంతెమ్మ కోరిక కోరినట్టు కాదు. “ఈ మాస్కు నా ముఖానికి అమరడం లేదండీ, సీల్ చెక్‌లో ముక్కు దగ్గర గాలి వస్తోంది, వేరే మోడల్ ఇప్పించి ఫిట్ టెస్ట్ చేయించండి” అని హెడ్ నర్సుకు గానీ ఆసుపత్రి ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీకి గానీ మర్యాదగా, స్పష్టంగా, వీలైతే రాతపూర్వకంగా చెప్పాలి. ఫిర్యాదు కన్నా లోపం ఎక్కడుందో వివరించే మాటకు పని జరిగే అవకాశం ఎక్కువ.

పరీక్ష నెగ్గిన మాస్కు కంపెనీ, మోడల్, సైజు, పరీక్ష తేదీ ఒక చిన్న కార్డు మీద రాసుకుని గుర్తింపు కార్డు వెనుక ఉంచుకుంటే స్టోర్‌లో సరుకు మారినప్పుడు ఆ మార్పును అక్కడికక్కడే పట్టుకోవచ్చు. కొనుగోలు చేసే అధికారులు కనీసం రెండు మూడు మోడళ్లు, వేర్వేరు సైజులు తెప్పించాలి. చౌకగా దొరికిన ఒకే సైజు పెట్టెలు సిబ్బందిలో కొందరి ముఖాలకు అమరనప్పుడు ఆ పొదుపు ఆసుపత్రికి జబ్బు సెలవులుగా తిరిగివస్తుంది. సహోద్యోగి మాస్కు పక్కన సందు కనిపించినప్పుడు మొహమాటపడకుండా చెప్పడం, ఎవరైనా చెప్పినప్పుడు చిన్నబుచ్చుకోకుండా సరిచేసుకోవడం బృందం మొత్తానికీ మేలు చేసే సంస్కారం.

మాస్కు ఒక్కటే సర్వరక్షణ కాదు. కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వడం, దగ్గుతున్న రోగిని ముందుగా గుర్తించి వేరుగా కూర్చోబెట్టడం, అతనికి సర్జికల్ మాస్కు ఇవ్వడం దానికన్నా ముందు వచ్చే చర్యలు. అవన్నీ చేసిన తరువాత కూడా మిగిలే ప్రమాదానికి ఎదురు నిలిచేది ముఖం మీది మాస్కే. రోగిని కాపాడే పనిలో ఉన్నవారు తమ ఆరోగ్యాన్ని కూడా ఆ పనిలో భాగంగానే చూడాలి. అందువల్ల ఈ అధ్యాయం చదివిన ప్రతి ఆరోగ్య కార్యకర్త తరువాతి డ్యూటీకి వెళ్లినప్పుడు మాస్కు ధరించి, అరచేతులతో కప్పి, ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలి చూడాలి. వేళ్లకు గాలి తగిలితే ఆ రోజే ఫిట్ టెస్ట్ కోసం అడగాలి.